పడుగు దారం

మా పిన్నివాళ్ళది అభన్‌పూర్. బాబాయి తండ్రి శ్రీకాకుళం నుంచి రాయ్‌పూర్ వైపు రైస్‌మిల్లు పనికి వచ్చి అక్కడే ఉండిపోయారు. పిన్ని ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఛత్తీస్‌గఢీ. బేరానికి దిగితే మాత్రం రెండిట్లోనూ ఆవిడకు ఎదురులేదు. రాయ్‌పూర్ గోల్ బజార్‌లో వ్యాపారులే “మీరే ఓ ధర చెప్పండి దీదీ” అని చేతులెత్తేస్తారు.

కొడుకు సియోల్‌లో చదువుకుంటున్నాడు. కూతురి పెళ్ళి కుదిరింది. నిశ్చితార్థానికి కట్టే లంగాకు కొరియా పట్టే కావాలని పిల్ల ముచ్చటపడింది. సీరియళ్ళ ప్రభావం. అక్టోబరులో పిన్నితోపాటు నేనూ బయల్దేరాను.

తొలిసారి వెళ్ళేవాళ్ళను సియోల్ అంగడి వీధులు ఉక్కిరిబిక్కిరి చేస్తాయి. మియాంగ్‌డాంగ్‌లో రంగు లైట్ల కింద మొహానికి పూసుకునే క్రీముల దుకాణాలు వరసగా ఉంటాయి. 15,000 వోన్లు దాటిన బిల్లుకు పాస్‌పోర్ట్ చూపిస్తే పన్ను అక్కడే తగ్గించి ఇచ్చే కౌంటర్లున్నాయి. 1,000 వోన్లంటే దాదాపు 60 రూపాయలు. ప్రతి అట్టముక్క మీదా వేలల్లో అంకెలు కనబడేసరికి పిన్నికి మొదటిరోజు గుండె దడే. సాయంత్రానికల్లా మనసులోనే రూపాయల్లోకి మార్చేసుకోవడం నేర్చేసింది.

పట్టు కోసం మావాడు గ్వాంగ్‌జాంగ్ బజారుకు తీసుకెళ్ళాడు. 1905లో మొదలైన బజారు అది. మెట్రో ఒకటో లైనులో జాంగ్నో 5-గా స్టేషన్లో దిగితే పక్కనే. కింద అంతా తిండి అంగళ్ళు. నానబెట్టిన పెసరపప్పు రుబ్బి, పెనం నిండా నూనె పోసి కాలుస్తున్నారు. దాన్ని బిందేతొక్ అంటారు. అచ్చం మన పెసరట్టుకు లావుపాటి చెల్లెలు. మాంసం కలపలేదని రెండుసార్లు అడిగి నిర్ధారించుకుని, పిన్ని నిలబడే ఒకటి తినేసింది.

మేడమీదికెళ్తే వేరే లోకం. కొరియా సంప్రదాయ దుస్తులైన హన్‌బోక్ కుట్టే పట్టు తానులు నేల నుంచి కప్పుదాకా పేర్చి ఉన్నాయి. లేత ఆకుపచ్చ, దానిమ్మ గింజ రంగు, మబ్బు రంగు. దుకాణాల్లో ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్ళే కూర్చుని ఉన్నారు. గుడ్డ చూపించే తీరులో తొందర లేదు. తాను విప్పుతారు, వెలుగులో పట్టుకుంటారు, మన చేతిలో పెడతారు. కాలిక్యులేటర్ మీద ధర కొట్టి మన వైపు తిప్పుతారు.

మేం వెళ్ళిన దుకాణంలో ముసలావిడ తిప్పిన అంకె 2,40,000 వోన్లు. పిన్ని నోరు తెరుస్తుందని నేను ఎదురుచూశాను. తెరవలేదు. “ఎంత పనితనమో చూడరా! దీనికి బేరమేంటి, పాపం తగులుతుంది” అని కార్డు తీసి ఇచ్చింది.

ఆ రోజు పిన్ని కట్టుకున్నది కోసా చీర. “వాళ్ళ పట్టు మనం చూస్తున్నాం కదా, మన పట్టు వాళ్ళూ చూడొద్దూ” అని పంతంగా కట్టుకుంది. కోసా అడవి పట్టు. తెల్లమద్ది, నల్లమద్ది చెట్ల మీద పెరిగే పురుగుల గూళ్ళ నుంచి తీస్తారు. తెలంగాణలో మహదేవపూర్ వైపు దసలి పట్టు అనేది ఇదే. రంగు వేయకపోయినా తేనెలా మెరుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో దీనికి చాంపా పెట్టింది పేరు.

ముసలావిడ కళ్ళు ఆ చీర మీదే ఉన్నాయి. అనుమతి అడిగి కొంగు చేతిలోకి తీసుకుంది. రెండు వేళ్ళ మధ్య రుద్దింది, అంచు దగ్గర పోగులు విడదీసి కళ్ళద్దాలు సవరించుకుని చూసింది. తర్వాత ఫోనులో ఏదో చెప్పి మాకు చూపించింది. “పేక దారం అద్భుతం. చేత్తో తీసింది. ఇలాంటిది మా దగ్గర లేదు. పడుగు వేరే, అది మిషన్ దారం.” పడుగంటే నిలువు పోగులు, పేకంటే అడ్డపోగులు.

పిన్నికి పౌరుషం వచ్చింది. పోయిన మాఘమాసం రాజిమ్ మేళాలో నేతగాడి దగ్గర స్వయంగా కొన్న చీర మరి. అభన్‌పూర్ నుంచి రాజిమ్ ఎంతో దూరం లేదు. ఏటా మాఘ పున్నమి నుంచి శివరాత్రి దాకా మహానది ఒడ్డున జరిగే ఆ మేళాలో ఆవిడ తప్పకుండా ఓ కోసా కొంటుంది.

మళ్ళీ మేళా వచ్చింది. చాంపా నేతగాడు అదే మూటతో కూర్చున్నాడు. పడుగు మిషన్ దారమటగా అని పిన్ని నిలదీసింది. అతను దాచలేదు.

“అవును దీదీ, పడుగు కొరియా దారమే. మాలో చాలామంది అదే వాడతారు. మా ఆడవాళ్ళు గూళ్ళ నుంచి తీసే దారం ఓచోట లావు, ఓచోట సన్నం. పేకకు ఆ ఎగుడుదిగుడే అందం. అదే పడుగు పోస్తే మగ్గం లాగుడికి మాటిమాటికీ తెగుతుంది. ముడి వేసుకుంటూ నేయాలి. రెట్టింపు రోజులు.”

తొడ మీద రుద్ది రుద్ది దారం తీసి చర్మం ఒరుసుకుపోయిన ఆడవాళ్ళను నేను చూశాను. ఆ బాధ తప్పించడానికే కేంద్ర పట్టు బోర్డు ‘బునియాద్’ యంత్రాలు తెచ్చింది. నేతగాడి లెక్కలో వాళ్ళ కూలీ కూడా ఉంది.

“మరి చీర మీద సిల్క్ మార్క్ ఉందిగా?” అంది పిన్ని.

“ఉంది. అది అసలు పట్టని చెప్తుంది. ఏ దేశం దారమో చెప్పదు.”

“అయితే ముందే చెప్పొద్దూ! పూర్తిగా మన దారంతో నేసినది నాకు చూపించొద్దూ!”

అతను మూట అడుగు నుంచి ఒక చీర తీసి ఆవిడ ముందు పరిచాడు.

“చూపించాను దీదీ. పోయినేడు మొట్టమొదట మీ ముందు పరిచింది దీన్నే. 9,500 చెప్పాను. 6,000కు ఇస్తావా అన్నారు. ఆ ధరకు వచ్చే చీర అడుగున ఉంటే తీసి ఇచ్చాను.”

ఈ మాఘ పున్నమికి రాజిమ్ వెళ్ళేవాళ్ళు ధర కంటే ముందు పడుగు సంగతి అడగండి. అదీ కోసాయేనని అతనంటే, చెప్పిన ధర ఇచ్చేయండి.