‘కేబులే పోయుంటది’: టీకా తాత్పర్య సహితము

మూలం:
“కిలచ్ టైటయింది సార్. కేబులే పోయుంటది. కొత్తదేసేద్దాం.”

అవతారిక:
ఈ వాక్యత్రయాన్ని నాకు ఉపదేశించినవాడు అన్నోజిగూడలో రోడ్డు వారన రేకుల షెడ్డు కింద కొలువున్న ఒక కుర్ర మెకానిక్కు. ఉపదేశానికి నిమిత్తం నా మారుతి 800. 1983 డిసెంబరులో మొదటి బండి రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఆ వంశంలో నాది చివరి తరానికి కాస్త ముందుది. దాని క్లచ్చు పెడలు ఉన్నట్టుండి రోకలిబండలా బిగుసుకుంది. నారపల్లి, మేడిపల్లి, పీర్జాదిగూడ దాటుకుని ఉప్పల్ చేరేసరికి ఎడమ మోకాలు నాది కాకుండా పోయేది.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథ సూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయన కిరాతార్జునీయ వ్యాఖ్య పేరు ‘ఘంటాపథం’. అంటే రాజమార్గం, ఏనుగులు గంటలు మోగిస్తూ నడిచే దారి. మా వరంగల్ రోడ్డూ అలాంటిదే, గంటల బదులు హారన్లు. కొత్త పాఠంలో దాని సంఖ్య 163, పాత పాఠంలో 202. 2018లో మొదలైన ఫ్లైఓవరు పని ఏళ్ళ తరబడి సాగడంతో, ఈ దారిలో బండి నడిపామనడం కన్నా క్లచ్చు తొక్కామనడమే సబబు. సూరి ప్రతిజ్ఞలో రెండో సగం నాకు అప్పుడే భంగమైంది.

ప్రతిపదార్థం:
కిలచ్ = క్లచ్చు. జంటాక్షరం నడుమ అచ్చు దూరింది. రత్నం రతనమైనట్టే ఇదీ స్వరభక్తి. తప్పు పట్టకూడదు.
టైటయింది = బిగుసుకుంది. అకర్మక క్రియ. ఎవరూ బిగించలేదు, దానంతట అదే అయిందని భావం.
సార్ = సంబోధన. బిల్లు ఎవరిదో ఇక్కడే తేలిపోయింది.
కేబులే = కేబులు + ఏ. ఏకారం అవధారణార్థకం. కేబులు తప్ప మరేదీ కాదని నిశ్చయం.
పోయుంటది = పోయి ఉంటుంది. సంభావనార్థకం, అనగా ఊహ. ఒకే వాక్యంలో నిశ్చయం చేతా అనుమానం చేతా పక్కపక్కనే కాపురం చేయించడం మహాకవులకూ మెకానిక్కులకూ మాత్రమే సాధ్యం.
కొత్తదేసేద్దాం = కొత్తది వేసేద్దాం. ఉత్తమ పురుష బహువచనం. వేసేది అతను, ఇచ్చేది నేను, ఉభయులనూ కలుపుకుని ‘ద్దాం’.

టీక:
పెడలు తొక్కితే ఒక ఇనుప తీగ లాగబడుతుంది. ఆ తీగ గేర్‌బాక్సు మీది చిన్న చేతిని లాగుతుంది. ఆ చెయ్యి లోపల ఫోర్కును తిప్పుతుంది. ఫోర్కు బేరింగును తోస్తుంది. బేరింగు వెళ్ళి ప్రెషర్ ప్లేటు వేళ్ళను నొక్కుతుంది. అప్పుడు క్లచ్చు ప్లేటు పట్టు వదులుతుంది. ఇంత పరంపరలో బరువు ఎక్కడ పుట్టినా కబురు చేరేది మాత్రం పాదానికే. కబురు తెచ్చినవాణ్ణే నేరస్థుడిగా పట్టుకోవడం మన షెడ్లలో ఆచారం.

కాబట్టి మొదట అడగవలసిన ప్రశ్న: బిగువు ఎప్పటినుంచి? ఏళ్ళ మీద మెల్లమెల్లగా వస్తే ప్లేటు అరుగుదల కావచ్చు. ప్లేటు పలచబడేకొద్దీ స్ప్రింగు వేళ్ళు బేరింగు వైపు వంగి, తొక్కుడు బరువెక్కుతుంది, పెడలు పైకొచ్చాకగాని బండి కదలదు. వారం పది రోజుల్లో బిగుసుకుంటే కేబులును అనుమానించాలి. వానాకాలం పోయాక బిగుసుకుంటే ఫోర్కు ఇరుసు తుప్పు కావచ్చు. తొక్కినప్పుడు కీచుమంటే పెడలు బుష్షు ఎండిపోయిందేమో, అక్కడ చిటికెడు గ్రీజు చాలు.

రెండోది: గేర్‌బాక్సు చేతి దగ్గర కేబులు కొస ఊడదీసి, పెడలును చేత్తో నొక్కాలి. తేలిగ్గా దిగితే కేబులు నిర్దోషి, రోగం గేర్‌బాక్సు వైపు ఉంది. అప్పుడూ బిగువే ఉంటే దోషం కేబులులోనో పెడలు బుష్షులోనో. ఐదు నిమిషాల పని. మా కుర్రవాడు చేయలేదు, నేనూ అడగలేదు. తొందర ఇద్దరిదీ.

పూర్వపక్షం:
కేబులు మార్చాడు కదా, పెడలు వెన్నలా దిగింది కదా, మరి వాక్యం నిజమే కదా? నిజమే. నెలన్నర పాటు నిజం. తర్వాత మళ్ళీ రోకలిబండ. రెండో కేబులు వేశాడు. “ఈసారి మాల్ మంచిదే సార్” అన్నాడు. అది రెండు నెలలు నిలిచింది. మూడోది కొని డిక్కీలో పెట్టుకున్నాను. అందులోనే ఉంది.

సిద్ధాంతం:
వెనక సందులో ఉండే పెద్దాయన ఒకరు, మెకానిక్కు పని మానేసి చాలా కాలమైనవారు, కేబులు ముట్టుకోలేదు. “స్టార్ట్ కొట్టు బిడ్డా” అన్నారు. ఇంజను బద్ధకంగా రెండుసార్లు మూలిగి అందుకుంది. బానెట్టు కింద సన్నగా ప్లాస్టిక్ కమిలిన వాసన. “ఇప్పుడు కేబులు పట్టి చూడు” అన్నారు. పట్టాను. వేడిగా ఉంది! కరెంటుతో సంబంధమే లేని తీగ, కుంపటి మీద పెట్టిన గరిటె కాడలా వేడెక్కింది.

తర్కసంగ్రహంలో అన్నంభట్టు కొండ మీది పొగ చూసి నిప్పును ఊహించడం నేర్పాడు. కొండ బదులు బానెట్టు అనుకోండి. ఇంజనూ గేర్‌బాక్సూ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటాయి, రబ్బరు కరెంటును పోనివ్వదు. అందుకే వాటినీ బాడీనీ కలుపుతూ లావుపాటి ఎర్త్ వైరు వేస్తారు. స్టార్టరు తిరిగేటప్పుడు వంద ఆంపియర్లకు పైగా ప్రవహించే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళాలంటే అదే దారి. నా బండిలో ఆ వైరు బోల్టు దగ్గర తుప్పుకు తెగి, పచ్చటి పొడి రాల్చుకుంటూ వేలాడుతోంది. దారి మూసుకుపోతే కరెంటు ఆగుతుందా? ఒక కొస గేర్‌బాక్సుకూ, ఇంకో కొస పెడలు ద్వారా బాడీకీ తగులుకున్న క్లచ్చు కేబులు దానికి అడ్డదారి అయింది. తాళం తిప్పిన ప్రతిసారీ తీగ కాగింది, లోపలి ప్లాస్టిక్ పూత మెత్తబడి తీగను పట్టేసింది. పాత కేబులును చీల్చి చూపించారాయన. తీగ చుట్టూ పూత పాకంలో పడ్డ చీమలా అతుక్కుని ఉంది.

ప్రతి బిగువుకూ ఇదే కారణమనుకోకండి. ఇది అరుదు. మామూలుగా పోయేది పాతబడిన కేబులే. కానీ రెండోసారి కూడా అదే పోయిందంటే ఎర్త్ చూడక తప్పదు. మల్టీమీటరు ఉంటే ఒక కొస ఇంజనుకూ, ఇంకొకటి బ్యాటరీ నెగటివుకూ ఆనించి స్టార్టు కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేదన్నమాటే.

అన్వయం:
మూలంలో లోపించిన పదం ఒకటుంది, దాన్ని అధ్యాహారం చేసుకోవాలి: ‘ఎందుకు’. “కేబులు ఎందుకు పోయుంటది?” అని చదువుకుంటే వాక్యం అతుకుతుంది. కుర్రవాడు అబద్ధం చెప్పలేదు, సగం వాక్యం చెప్పాడు.

తాత్పర్యం:
కొత్త ఎర్త్ వైరు వేశారు, బోల్టు చోటు గరుకు కాగితంతో రుద్దారు. వైరు ఖరీదు ఒక కేబులులో సగం కూడా లేదు. రెండో కేబులు పూర్తిగా చెడిపోలేదు, దానితోనే రెండు ఎండాకాలాలుగా నడుస్తోంది. మూడోది విప్పని కవరుతో డిక్కీలో ఉంది. ఉప్పల్, నాచారం వైపు మారుతి 800 నడిపేవాళ్ళు ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తాను. ముందు ఎర్త్ వైరు చూసుకుని రండి.