రక్తపిశాచికి మేస్త్రీ కావాలి

అమెరికా రచయిత్రి షార్లేన్ హారిస్ 2001లో రాసిన ‘డెడ్ అంటిల్ డార్క్’ నవలలో సూకీ అనే అమ్మాయి లూసియానా రాష్ట్రంలో ఓ పల్లెటూరి బార్‌లో సర్వర్. ఒక రాత్రి ఆ బార్‌లోకి రక్తపిశాచి అడుగుపెడతాడు. పాలిపోయిన ఒళ్లు, నల్లటి జుట్టు, శతాబ్దం పైబడిన వయసు, దినుసులన్నీ సరిగ్గానే ఉన్నాయి. పేరడిగితే మాత్రం ‘బిల్’ అంటాడు. సూకీ నవ్వాపుకోలేకపోతుంది. స్మశానం నుంచి బేతాళుడు దిగివచ్చి తన పేరు సుబ్బారావని చెబితే ఎలా ఉంటుంది మరి!

నవల అక్కడే పాఠకుణ్ణి పట్టేస్తుంది. ఆ పైన బిల్ గారికి ఇంకో తంటా. పాత ఇల్లు బాగుచేయించుకోవాలి. పనివాళ్లు ఫోన్లో దొరికేది పగలు, ఈయన లేచేది పొద్దుగూకాక. మనిషి మెడ ఒంటిచేత్తో విరిచేయగలడు గానీ మేస్త్రీతో మాట్లాడాలంటే సూకీ కాళ్లావేళ్లా పడాలి. ఇక సూకీ నాయనమ్మ. మనవరాలు చచ్చినవాడితో తిరుగుతోందని ఆవిడ గుండెలు బాదుకుంటుందని అనుకుంటాం. ఆవిడ అడిగేది ఒక్కటే: ఆ అబ్బాయి అంతర్యుద్ధంలో పోరాడాడా? 1865లో ముగిసిన ఆ యుద్ధం గురించి ఆవిడకూ, ఆవిడ క్లబ్బు సభ్యులకూ తగని మోజు. పోరాడినవాడే స్వయంగా దొరికితే ఉపన్యాసం పెట్టించకుండా ఎలా ఉంటుంది? పెట్టిస్తుంది కూడా.

అతీంద్రియ ప్రేమ నవలలు చదివేవాళ్లు కోరల కోసం చదువుతారని బయటివాళ్ల అభిప్రాయం. కోరలు కవరు మీద బొమ్మకు పనికొస్తాయి. లోపల పేజీలు తిప్పించేది ఆ కోరలు తెచ్చిపెట్టే ఇబ్బందులు. మామూలు ప్రేమకథలో కులమో కట్నమో అడ్డొస్తే, పెద్దలు అలిగినా, ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు ఇచ్చి రిజిస్ట్రారు ముందు సంతకాలు పెట్టేయొచ్చు. వరుడి పుట్టిన సంవత్సరం 1901 అయితే ఆ దరఖాస్తు తీసుకునే గుమాస్తా ఏం చేస్తాడో ఊహించండి.

1901లో పుట్టినవాడు స్టెఫనీ మేయర్ ‘ట్వైలైట్’లోని ఎడ్వర్డ్. 1918లో స్పానిష్ ఫ్లూతో చావుబతుకుల్లో ఉండగా డాక్టర్ కార్లైల్ అతణ్ణి తనలాగే రక్తపిశాచిగా మార్చాడు. అప్పటినుంచీ వయసు పదిహేడు దగ్గర ఆగిపోయింది. నవల వచ్చిన 2005 నాటికి ఆ కుర్రాడు బయాలజీ క్లాసులో బెంచీ మీద కూర్చునే ఉన్నాడు. అమరత్వం వరమా శాపమా అని వేదాంతులు తర్కించుకోవచ్చు గానీ, ఎనభై ఏళ్లు దాటినా ఇంటర్ వదలకపోవడం ఏ తెలుగు తల్లిదండ్రులకైనా శాపమే. 2008లో వచ్చిన సినిమాలో ఆ కుటుంబం పట్టా పుచ్చుకున్నప్పటి టోపీలన్నీ ఫ్రేము కట్టి గోడకు తగిలించుకుంది.

మేయర్ వేసిన లెక్కలు ఇంకా ముచ్చటగా ఉంటాయి. ఈమె సృష్టించిన పిశాచాలు ఎండలో కాలిపోవు, వజ్రాల్లా మెరుస్తాయి. మెరిస్తే జనం కనిపెట్టేస్తారు. అందుకని వాళ్లకు మబ్బుపట్టిన ఊరు కావాలి. అమెరికాలో బాగా వానలు పడే చోటు కోసం ఆమె వెతికితే వాషింగ్టన్ రాష్ట్రంలో ఫోర్క్స్ దొరికింది. ఎండ కాసిన రోజు ఆ పిల్లలు కొండలెక్కడానికి వెళ్లామని చెప్పి బడి ఎగ్గొడతారు. బేస్‌బాల్ ఆడాలంటే ఉరుముల కోసం కాచుకోవాలి. వాళ్లు కొట్టే దెబ్బకు పుట్టే చప్పుడు పిడుగుపాటులో కలిసిపోవాలి కదా. ప్రపంచంలో వాతావరణ సూచనను ఇంత భక్తిగా వినే ఆటగాళ్లు వేరే ఉండరు.

ఇద్దరు రచయిత్రులూ ఒకచోట కలుస్తారు. సూకీకి అందరి మనసులూ వినపడతాయి, బిల్‌ది తప్ప. ఎడ్వర్డ్‌కు అందరి ఆలోచనలూ తెలుస్తాయి, అతను ప్రేమించిన బెల్లావి తప్ప. ఎదుటివాళ్ల బుర్రలో ఏముందో తెలియకపోవడం వల్లే ప్రేమ పుట్టిందన్నమాట. పాతికేళ్ల కాపురం చేసినవాళ్లెవరూ దీన్ని కాదనరు.

అతీంద్రియ ప్రేమకు ఇంటి ఇబ్బందులు తగిలించే ఈ కిటుకు అమెరికా వాళ్లు కనిపెట్టిందేమీ కాదు. భాగవతం నవమ స్కంధంలో ఊర్వశి పురూరవుడితో కాపురానికి షరతులు పెట్టింది. తను నెయ్యే తింటుంది. తన రెండు పొట్టేళ్లను కాపాడాలి. పడకటింట్లో తప్ప అతను వివస్త్రుడిగా కంటపడకూడదు. అప్సరస సౌందర్యాన్ని ఎన్ని పద్యాల్లో వర్ణించినా రాని నమ్మకం ఆ రెండు పొట్టేళ్లతో వచ్చేస్తుంది. కథ తెగేది కూడా వాటివల్లే. గంధర్వులు అర్ధరాత్రి వాటిని ఎత్తుకుపోతే, చక్రవర్తి కంగారులో కట్టుబట్ట మరిచి పరుగెత్తాడు.

అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’ది ఇంకా కొంటెతనం. కాలికి పసరు రాసుకుని ప్రవరుడు హిమాలయాలకు ఎగిరిపోయాడు. మంచుకు పసరు కరిగిపోయింది. ఎదురుగా వరూధిని, లోకంలో ఎవరైనా కవిత్వం చెప్పే సమయం. ఈ మహానుభావుడు మా ఊరికి దారెటని అడిగాడు! ఆమె అప్సరస, ఆయనకు కావలసింది నిత్యాగ్నిహోత్రం. దారి తప్పిన భర్తలను చూశాం గానీ, దారి అడిగి అప్సరసను ఏడిపించినవాడు ఈయనొక్కడే.

ఇబ్బంది తీరిపోతే ఏమవుతుందో చూడాలంటే ‘ట్వైలైట్’ వరుసలో 2008 నాటి ‘బ్రేకింగ్ డాన్’ చదవాలి. మొదటి భాగం బాగానే నడుస్తుంది: పెళ్లికొడుకు తన బలం అదుపులో పెట్టుకోలేక పెళ్లికూతురి మీద చూపించాల్సిన ఆవేశం తలగడల మీద చూపిస్తే, తెల్లారి గది నిండా ఈకలు. తర్వాత బెల్లా కూడా రక్తపిశాచి అయిపోతుంది. కొత్త పిశాచాలకు ఏళ్ల తరబడి రాని నిగ్రహం ఆమెకు రోజుల్లో వచ్చేస్తుంది. చంపడానికి సైన్యంతో వచ్చిన శత్రువులు మంచులో నిలబడి మాటలాడుకుని, యుద్ధం లేకుండా వచ్చిన దారినే వెళ్లిపోతారు. ఏడొందలకు పైగా పేజీలు మోసిన పాఠకుడు, కనీసం ఒక మేస్త్రీ అయినా రాకపోతాడా అని చివరి పేజీ దాకా ఎదురుచూస్తాడు.