మట్టి తొక్కుడు ఫీజు

మా బావమరిది వికారాబాద్ దారిలో ఇరవై గుంటలు కొని మట్టి ఇల్లు కట్టించాడు. కట్టించాడు అంటే ఊరుకోడు. "చేత్తో కట్టాను బావా" అంటాడు. పదమూడేళ్లుగా కీబోర్డు తప్ప వేరే వస్తువు ముట్టని చేతులు గోడ లేపాయంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. తీరా ఆరా తీస్తే ఆ చేతులు పాలమూరు నుంచి వచ్చినవి. నలుగురు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు. ఇంటిపక్కనే నీలం పట్టా కప్పుకుని నాలుగు నెలలు కాపురమున్నారు. మావాడు శనివారాల్లో వెళ్లి, కలిపి పెట్టిన మట్టిలోంచి ఒక ముద్ద తీసి గోడమీద పెట్టి, ఫొటో దిగి వచ్చేవాడు. ఆ ముద్దలు మాత్రం అచ్చంగా వాడి చేత్తో పెట్టినవే. అబద్ధమాడకూడదు.

గోడకు మట్టి ఊరికే రాదు, తొక్కాలి. ఎర్రమట్టి, ఇసుక, తరిగిన వరిగడ్డి కలిపి నానబెట్టి, పొద్దున్నే అందులో దిగి పిక్కలు లాగేదాకా తొక్కాలి. మా చిన్నప్పుడు ఈ పనికి కూలి ఇచ్చేవారు. ఇప్పుడు దీనికి కాబ్ అని ఇంగ్లీషు పేరు తగిలింది. పేరు మారగానే డబ్బు ఎదురు నడక మొదలెట్టింది. మావాడు పెట్టింది రెండు రోజుల వర్క్‌షాపు, మనిషికి ఆరువేలు, తొక్కినవాడే ఇచ్చుకోవాలి. పద్దెనిమిదిమంది వచ్చి, పాటలు పెట్టుకుని, మోకాళ్లదాకా దిగి తొక్కారు. ఒకమ్మాయి "భూమితో కనెక్ట్ అయ్యాను" అని కళ్లు తుడుచుకుంది. గట్టుమీద పాలమూరు మేస్త్రీ చుట్ట ఆర్పేసి అలా చూస్తూ ఉండిపోయాడు. ముప్పై ఏళ్లుగా కనెక్టయి ఉన్నాడు పాపం, ఎవరూ రసీదు ఇవ్వలేదు. ఉపాధి హామీ పథకం పెట్టినవాళ్లకు ఈ కిటుకు తట్టి ఉంటే ఖజానాకు ఎంత మిగిలేది!

ఇంత చేసినా మావాడిని తప్పుపట్టలేను. వాడి గురువు అమెరికా రచయిత థోరో కదా. 1845లో వాల్డెన్ చెరువు పక్కన పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవున్న గది కట్టుకుని, ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లని పైసలతో సహా లెక్క రాశాడు. మావాడి గోడమీద ఆ లెక్క ఫ్రేము కట్టి ఉంది. లెక్కలో పడనివి చాలా ఉన్నాయి. స్థలం స్నేహితుడు ఎమర్సన్‌ది. గొడ్డలి అరువు. వాసాలు నిలబెట్టే రోజున స్నేహితులు చేయి వేశారు. లెక్కలో పడ్డవాటిలో నాకు నచ్చింది పలకల సంగతి. రైలుమార్గంలో పనిచేసే జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలీ గుడిసెను థోరో 4 డాలర్ల 25 సెంట్లకు కొన్నాడు. మర్నాడు తెల్లవారి అయిదింటికల్లా ఖాళీ చేయాలని ఒప్పందం. కాలిన్స్ కుటుంబం మూట కట్టుకుని వెళ్లిపోయింది. మేకులు పీకి, పలకలు బండిలో వేసుకుని తెచ్చి ఎండలో ఆరబెట్టాడు తాత్వికుడు. కూలీ ఉన్నంతకాలం అది గుడిసె. అవే పలకలు చెరువుగట్టుకు చేరాక నిరాడంబర జీవితం.

మన ప్రభుత్వాలకు ఈ తేడా మొదట్నుంచీ తెలుసు. గ్రామీణ ఆవాస్ యోజన లెక్కలో కచ్చా గోడ, కచ్చా కప్పు ఉన్న ఒకటి రెండు గదుల కాపురమంటే ఇల్లు లేనట్టే; మైదాన ప్రాంతంలో లక్షా ఇరవై వేలిచ్చి పక్కా ఇల్లు కట్టుకోమంటారు. ఆ కొలతతో చూస్తే మావాడు నిఖార్సైన లబ్ధిదారు. ఒకటే గది, మట్టి గోడ, గడ్డి కప్పు. కారుంది కాబట్టి కొట్టేస్తారు గానీ, లేకపోతే సర్పంచి పక్కన నిలబడి ఫొటో దిగేవాడు. తెలంగాణ పల్లెల్లో ఇందిరమ్మ ఇల్లు కనీసం 400 చదరపు అడుగులుండాలి. అమెరికాలో టైనీ హౌస్‌కు గృహనిర్మాణ నియమావళి పెట్టిన గరిష్ఠ హద్దు కూడా సరిగ్గా అంతే. ఇక్కడ పేదవాడికి ఇంతకంటే తగ్గకూడదన్న చోట, అక్కడ వైరాగ్యం ఇంతకంటే పెరగకూడదన్నారు.

సిమెంటు అంటే మావాడికి ఒళ్లు మంట. పునాదిలో పోసింది మాత్రం లెక్కలోకి రాదు, అది కనపడదు కదా. స్నానాల గది వైపు ఇటుకల మట్టిలో నూటికి అయిదు పాళ్లు కలిపారు. దాని పేరు స్టెబిలైజర్. అన్నీ కలిపి చదరపు అడుక్కి మూడువేలు దాటింది. వాస్తుశిల్పి లారీ బేకర్ పేరెత్తకుండా మాట్లాడడు గానీ, ఇటుకను నిలువుగా పేర్చి నడుమ ఖాళీ వదిలి, గోడకు పట్టే ఇటుకల్లో నాలుగో వంతు మిగిల్చిన ఆ పెద్దమనిషి ఈ బిల్లు చూస్తే ఏమనేవాడో. ఆయన బెంగంతా చేతిలో డబ్బు లేనివాడికి ఇల్లెలా అని.

ఇక చల్లదనం. మట్టిగోడ పగలు చల్లగా ఉంచుతుందన్న మాట నిజమే. మందమైన గోడ ఎండను లోపలికి రానివ్వడానికి సాయంత్రందాకా నానుస్తుంది. ఆ తాగిన వేడినంతా రాత్రి తీరిగ్గా లోపలికి వదులుతుంది. అందుకే మన తాతలు వేసవి వస్తే నులకమంచాలు వాకిట్లో వేసుకున్నారు. నక్షత్రాలు లెక్కపెట్టే సరదాతో మాత్రం కాదు. మావాడు మేలో ఒక్క రాత్రి లోపల పడుకుని, మర్నాడే ఏసీ బిగించాడు. మట్టిరంగు వేశారు దానికి, కలిసిపోయేలా.

గృహప్రవేశానికి మా అత్తగారు వచ్చింది. ఆవిడది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పుట్టింటి మట్టిగోడలు ఎటు పోయాయో ఆవిడకు తెలుసు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. గోడను అరచేత్తో నిమిరి, "పూత ఎప్పుడు వేయిస్తావురా?" అంది.

"ఇదే పూతమ్మా. నేచురల్ ఫినిష్."

"ఎవరు అలుకుతారు మరి?"

సమాధానం లేదు. వాల్డెన్ లెక్కలోనూ లేదు, వర్క్‌షాపులోనూ చెప్పలేదు. మట్టి ఇల్లు ఒకసారి కట్టేసి తాళం వేసి పోయే సరుకు కాదు. వారం వారం పేడతో నేల అలకాలి. జల్లు కొట్టిన వైపు గోడ వానాకాలం వెళ్లగానే మెత్తాలి. పండగకు సున్నం, మూడు నాలుగేళ్లకు కొత్త కప్పు, ఎలుక కన్నానికి గాజుపెంకులు, నిట్రాడుకి చెదలమందు. ఇదంతా ఇంటి ఆడవాళ్ల మోకాళ్ల మీద నడిచింది. మా అత్తగారి మోకాళ్లు అలా అరిగినవే. "పక్కా ఇల్లు ఇచ్చిన రోజున నేనేమీ చెయ్యకుండా గంటసేపు గచ్చుమీద కూర్చున్నా బాబూ" అని నాతో ఒకసారి చెప్పింది. ఆ గచ్చు మా బావమరిదికి పర్యావరణ విధ్వంసం.

జూలైలో నాలుగు వానలు పడ్డాయి. పడమటి గోడ ఉబ్బి రాలుతోంది, నేల పొడిపొడిగా లేస్తోంది. పాలమూరు వాళ్లు వేరే పనిలో ఉన్నారు. ఫోను వచ్చింది. "బావా, అమ్మని ఓ పదిరోజులు పంపించవా? ఆవిడకీ కాస్త ఊరి గాలి, మట్టి వాసన..."

ఫోను స్పీకర్‌లో ఉంది. అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింటోంది.

"రెండు రోజులకి ఆరువేలు కదరా నీ రేటు?" అంది తలెత్తకుండా. "పదిరోజులకి ముప్పైవేలు. సగం ముందు పంపించు. పేడ కలిపేదీ అలికేదీ నువ్వే. నేను కుర్చీ వేసుకుని చెబుతా."