పొరుగింటి రిజిస్ట్రీ రుచి

ప్రతి కాలనీకీ ఒక కంప్యూటర్ వైద్యుడు ఉంటాడు. పట్టా అక్కర్లేదు, పెన్‌డ్రైవ్ ఉంటే చాలు. విండోస్ మొరాయించిందని కబురు పెడితే వస్తాడు, కాసేపు తెర వంక గంభీరంగా చూస్తాడు, తీర్పు చెప్పేస్తాడు: "రిజిస్ట్రీ పోయిందండీ. మా బావమరిది సిస్టం బ్రహ్మాండంగా నడుస్తోంది. అందులోది తెచ్చి ఎక్కించేస్తా."

బావమరిది సిస్టం బాగుంది కాబట్టి అతగాడి రిజిస్ట్రీ మనకూ పనికొస్తుంది! ఈ లెక్కన పక్కింటాయన ఆధార్ కార్డు జేబులో వేసుకుని బ్యాంకుకు వెళ్తే ఆయన డబ్బు మన చేతికి రావాలి.

1992లో విండోస్ 3.1తో వచ్చినప్పుడు రిజిస్ట్రీ చిన్న జాబితా. ఏ రకం ఫైలును ఏ ప్రోగ్రాం తెరవాలన్నదే అందులో ముఖ్యమైన సంగతి. ఇప్పుడు అందులో లేనిది లేదు. సిస్టం32లోని కాన్ఫిగ్ ఫోల్డరులో శామ్ అనే ఫైలుంది. ఆ కంప్యూటర్‌లోని ఖాతాలు, వాటి పాస్‌వర్డుల గుర్తులు అందులోనే. సిస్టం అనే ఫైలులో డ్రైవర్ల వివరాలు, ఏ డిస్కుకు సీ, ఏ భాగానికి డీ అన్న లెక్కలు. విండోస్ నడుస్తున్నంతసేపూ వీటిని మామూలుగా కాపీ చేయనివ్వదు. అంత గట్టిగా తాళం ఎందుకు వేశారని వైద్యుడు ఆలోచించడు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి తాళం దాటేస్తాడు. ఆపరేషన్ సక్సెస్! తర్వాత నీలి తెర మీద "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని వస్తే ఆశ్చర్యమేముంది? ఆ డ్రైవర్ల జాబితా బావమరిది మదర్‌బోర్డుది. అదృష్టం బాగుండి లేచి కూర్చున్నా, లాగిన్ తెర మీద బావమరిది పేరుంటుంది. పాస్‌వర్డు కోసం ఆయనకు ఫోన్ చేయాలి.

ఇంకాస్త చదువుకున్న వైద్యులూ ఉన్నారు. వీళ్లు మొత్తం ఎత్తుకురారు, .రెగ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో దిద్దుతారు. "బావమరిది పేరున్న చోటల్లా మీ పేరు పెట్టేశాను" అంటారు. పాపం, ఆ ఫైలులో కొన్ని దారులు అక్షరాల్లో ఉండవు, హెక్స్ అంకెల్లో ఉంటాయి. అక్కడ దాగిన బావమరిది పేరు ఫైండ్-రీప్లేస్ కంటికి కనబడదు. ఇక కీ (రిజిస్ట్రీలో ఫోల్డరు లాంటిది) పేరు ముందు చిన్న గీత పడిందా, ఎక్కించిన క్షణంలో ఆ కీ, దాని కింది సంతానమంతా మాయం. రిజిస్ట్రీ ఎడిటర్‌లో అన్‌డూ లేదు. "సేవ్ చేయమంటారా?" అన్న మర్యాద కూడా లేదు. కొట్టిందే శాసనం.

"అయితే ఒక సిస్టంలోది ఇంకో సిస్టంలోకి తేనే కూడదా?" అని వైద్యుడికి కోపం రావచ్చు. తేవచ్చు. ఒకే నమూనాతో వంద కంప్యూటర్లు తయారుచేసే కంపెనీలున్నాయి. కానీ వాళ్లు ముందు సిస్‌ప్రెప్ అనే విండోస్ పనిముట్టుతో ఆ యంత్రం సొంత గుర్తులన్నీ చెరిపేశాకే నకలు తీస్తారు. విండోస్‌ను తయారుచేసిన మైక్రోసాఫ్ట్ చెప్పే పద్ధతీ అదే. మన వైద్యుడు వాళ్లు చెరిపేసే ఆ గుర్తులనే ఏరికోరి మోసుకొస్తాడు.

రీస్టోర్ పాయింటుకు వెనక్కి వెళ్లడం, మన ఫైళ్లు ఉంచుకుని విండోస్‌ను రీసెట్ చేయడం, మార్చబోయే కీని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవడం: ఇవన్నీ చప్పటి పథ్యాలు. వీటితో వైద్యుడికి పేరు రాదు. పైగా విండోస్ 10 వెర్షన్ 1803 నుంచి రిజిస్ట్రీకి తనంతట తాను నకలు దాచే పాత అలవాటును విండోస్ మానేసింది. ఆ నకలు ఉండాల్సిన రెగ్‌బ్యాక్ ఫోల్డరు తెరిస్తే ఫైళ్లు కనిపిస్తాయి, సైజు మాత్రం సున్నా.

కాబట్టి ఈసారి వైద్యుడు పెన్‌డ్రైవ్ గుచ్చబోతుంటే ఒక్క మాట అడగండి: "బాబూ, మా పాత రిజిస్ట్రీ ఎక్కడ దాచావు?" నీళ్లు నమిలాడా, కాఫీ ఇచ్చి పంపించేయండి. కంప్యూటర్ బాగుపడకపోవచ్చు, ఉన్న రోగం మాత్రం ముదరదు.