వాకర్ తర్వాత ఏం కొంటారో నాకు తెలుసు

నేను శ్రీసిటీలో తయారైన ఫోన్‌ని. పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, నాలాంటివి అక్కడ వేలల్లో బయటికి వస్తాయి. నా బతుకంతా తెల్లాపూర్‌లోనే గడిచింది. ముందు ఎత్తయిన అపార్ట్‌మెంట్‌లో, తర్వాత పాత ఊళ్లోని రెండు గదుల ఇంట్లో.

అపార్ట్‌మెంట్‌లో నన్ను వాడింది ఆ ఇంటి కోడలు. పొద్దున కూరగాయలు, ఆఫీసు పని మధ్యలో చీరలు, రాత్రి పిల్లవాడి స్కూలు సామాన్లు, అన్నీ నాలోనే చూసేది. ఆమె వేలు ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగింది, ఏది బుట్టలో వేసి మళ్లీ తీసేసింది, ఇవన్నీ షాపింగ్ యాప్ నా ద్వారానే తన సర్వర్‌కి చేరవేసేది. అక్కణ్నుంచి వచ్చిన సిఫార్సులను ‘మీ కోసం’ అంటూ తెర మీద పరిచేదాన్ని.

ఈ పని మొదలుపెట్టినవాళ్లను తలచుకుంటే గర్వంగానే ఉంటుంది. 1992 నాటికి అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో ఈమెయిళ్లు కుప్పలుగా వచ్చి పడుతుంటే, ముందు చదివినవాళ్లు పెట్టిన గుర్తులను బట్టి మిగతావాళ్లు తమకు కావలసినవి ఏరుకునేలా టాపెస్ట్రీ అనే ఏర్పాటు చేసుకున్నారు. 1994లో గ్రూప్‌లెన్స్ వచ్చింది. అందులో చర్చావేదికల సందేశాలు చదివి 1 నుంచి 5 దాకా మార్కులు వేసేవారు. తెలిసి, ఇష్టపడి మనిషి మనిషికి చెప్పిన మాట అది. అమెజాన్‌లో పనిచేసిన గ్రెగ్ లిండెన్, బ్రెంట్ స్మిత్, జెరెమీ యార్క్ 2003లో ప్రచురించిన వ్యాసంలో ఇంకో దారి వివరించారు. మనుషుల మధ్య పోలికలు వెతికే బదులు వస్తువుల మధ్య చుట్టరికం చూడాలి, ఇది కొన్నవాళ్లు ఇంకేం కొన్నారని. ఆ జతలు ముందే లెక్కగట్టి ఉంచితే కోట్లమందికైనా చిటికెలో సిఫార్సు చెయ్యొచ్చు. ఎవరూ మార్కులు వెయ్యక్కర్లేదు, కొంటే చాలు.

ఆ లెక్క ఎంత ముందుకు చూడగలదో పెద్దాయన విషయంలో నాకు తెలిసింది.

కోడలికి మామగారాయన. బీహెచ్ఈఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. తుంటి ఎముక విరిగాక కోడలు ఆయనకు వాకర్ తెప్పించింది. డబ్బు కట్టిన మరుక్షణం తెర మీదికి కమోడ్ కుర్చీ వచ్చింది. “అప్పుడే ఇవెందుకు?” అంటూ ఆమె దాన్ని పైకి తోసేసింది. ఇంట్లో ఎవరికీ ఆ ఆలోచనే లేదు. వాకర్ కొన్న ఇతర ఇళ్లలో మాత్రం తర్వాత అదే కొన్నారు. కొన్నాళ్లకు ఈ ఇంటికీ ఆ కుర్చీ వచ్చింది. దాని వెనక పెద్దల డైపర్లు, ఆ వెనక ఒంటికి పుండ్లు పడకుండా గాలి పరుపు. ముక్కూమొహం తెలియని ఇళ్లలో జరిగిపోయిందంతా ఈ ఇంట్లో జరగకముందే నా తెర మీద ఉండేది. అయినా ఆ రోజుల్లో నేను నిజంగా పనికొచ్చాను. అర్ధరాత్రి ఆయన పక్కన కూర్చుని, ఆర్‌సీ పురం దుకాణాల దాకా పరుగెత్తకుండా, సరైన సైజు డైపర్లు నాలోనే చూసుకుని కోడలు తెప్పించుకుంది.

ఆయన పోయారు.

చావు ఏ ఆర్డర్‌లోనూ కనిపించదు. ఆ ఇతర ఇళ్లలోనూ ఎవరో ఒకరు పోయే ఉంటారు. లెక్కకు అందింది మాత్రం కొనడం ఆగిపోవడమే. కొనడం ఆగితే మరచిపోయారనుకుని గుర్తుచెయ్యాలన్నది మాకు అప్పజెప్పిన పని. దినాలకు కావలసిన సామాను ఆమె నాలోనే రాసుకుంటుంటే పైనుంచి ఒక పట్టీ దిగింది: “మీ డైపర్లు అయిపోయి ఉంటాయి, మళ్లీ తెప్పించుకోండి.” ఆమె నన్ను మంచం మీద బోర్లా పెట్టేసింది. చాలా షాపింగ్ సైట్లలో, యాప్‌లలో సోషల్ నెట్‌వర్కుల ట్రాకింగ్ కోడ్ ఉంటుంది కాబట్టి అక్కడ చూసింది సోషల్ ఫీడ్‌లోకీ వచ్చేస్తుంది. చుట్టాలు పెట్టిన పెద్దాయన ఫొటోకి, ఆ కిందటి నివాళికి మధ్యలో గాలి పరుపు వచ్చింది.

‘ఆసక్తి లేదు’ అని చెప్పే వీలుంది. అది మూడు చుక్కల వెనక ఉంది. ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి చుక్కలు వెతుక్కోవాలా? దాన్ని అక్కడ దాచినవాళ్ల మీద నాకు కోపం.

కోడలి మీద కోపం తర్వాతి సంగతి. నా తెర పగిలింది, కొత్త ఫోన్ వచ్చింది, నన్ను సొరుగులో పడేశారు. పాత రిమోట్లు, ఆయన బీపీ మిషన్, చార్జింగ్ లేక నేను. ఎవరైనా సొరుగు తీస్తే నా కోసమేనేమో అనుకునేదాన్ని. బ్యాటరీలు తీసుకుని మూసేసేవారు. చివరికి ఇంట్లో పనికి వచ్చే ఆమెకు ఇచ్చేశారు. ఇచ్చేముందు నాలోంచి అకౌంట్ తియ్యలేదు.

“మేడం, గీ ఫోన్ల ఇంకా పెద్దసారు సామాన్లే వస్తున్నయి.”

“అయ్యో, నా అకౌంట్ అలాగే ఉందా? తర్వాత తీస్తాలే.”

తియ్యలేదు. వెతికే గడి నొక్కితే చాలు, ఆయన రోజురోజుకీ ఎలా క్షీణించారో వరుసగా కనిపించేది. ఆయనకు స్నానం చేయించడానికి సాయం పట్టింది ఆమే కాబట్టి సరిపోయింది. ఇంకెవరి చేతిలోనైనా పడి ఉంటే? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన వివరాలు చెరిపేయమని అడిగే హక్కు ఇచ్చింది. తన తదనంతరం ఆ హక్కులను వాడేందుకు ఒకరిని నామినేట్ చేసుకోవచ్చని కూడా చెప్పింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కానీ పెద్దాయన నన్ను ఏనాడూ చేత పట్టలేదు. ఆయన జబ్బంతా కోడలి పేరు మీదే ఉంది.

పనామె కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. నన్ను మొత్తం చెరిపి, తల్లి పేరుతో కొత్త అకౌంట్ తెరిచాడు. చరిత్ర లేని అకౌంట్ కాబట్టి ముందు అందరూ కొనేవే చూపించాను. ఆమె మైకు నొక్కి “కుక్కర్ రబ్బర్” అంది. సరైనదే తెచ్చిపెట్టాను. కొన్నాక కూడా రబ్బర్లే వస్తుంటే కొడుకు ఆ మూడు చుక్కలు చూపించాడు. నొక్కింది, ఆగిపోయాయి.

అతను చెరిపింది నన్ను మాత్రమే. కోడలి పాత ఆర్డర్లు సర్వర్‌లో పదిలంగా ఉన్నాయి, ఆమె కొత్త ఫోన్‌లో అదే అకౌంట్ నడుస్తోంది. ఒక వస్తువు వద్దంటే దాని చుట్టం ఇంకొకటి వస్తుంది. ఈ యాప్‌లు తయారుచేసేవాళ్లను ఒకటే అడుగుతున్నాను: ‘ఇవి ఇక మా ఇంట్లో అక్కర్లేదు’ అనే మీట తెర మీదే, బొమ్మ పక్కనే పెట్టండి. ఒక్కసారి నొక్కితే వాకర్ నుంచి గాలి పరుపు దాకా మొత్తం వరుస సిఫార్సుల్లోంచి పోవాలి.