ఎరకు చిక్కినవాడి మొర

తోటి మిద్దెరైతులారా, మీకు చెప్పుకోక ఇంకెవరికి చెప్పుకోను? గోపన్‌పల్లిలో ఓ మేడ నెత్తిన, నీళ్ల ట్యాంకుకీ బట్టల తీగకీ మధ్య, ఏడు పెయింటు డబ్బాల్లో టమాటా వేసుకున్నవాణ్ణి. చుట్టూ టవర్లు లేచి నా ఎండ మింగేశాయి, రోడ్డు తవ్వారు, పూడ్చారు, మళ్లీ తవ్వారు. కిమ్మన్నానా? కానీ శనగపచ్చ పురుగు దగ్గర మాత్రం నా సహనానికి గండి పడింది.

మీరూ చూసే ఉంటారు దాన్ని. తల కాయలోపల, నడ్డి బయట. ఎదురుగా ఇంటి యజమాని నిలబడ్డా నమలడం ఆపదు. పోనీ, ఒక్క కాయ పూర్తిగా తిని పోతుందా అంటే అదీ లేదు. సగం కొరికి పక్క కాయలో తలదూరుస్తుంది, పెళ్లి విస్తట్లో మా బావమరిదిలాగా.

మందు కొడితే వంటింట్లోకి రానివ్వనంది మా ఆవిడ. ఎర పంట వెయ్యమన్నారు తెలిసినవాళ్లు. టమాటా పక్కన బంతి ఉంటే తల్లి రెక్కపురుగు దాని మోజులో పడి గుడ్లన్నీ అక్కడే పెడుతుందట. లెక్క కూడా ఉంది: 16 సాళ్ల టమాటాకు ఒక సాలు బంతి. ఏడు డబ్బాలకు సాలులో ఎన్నో వంతని ఓ రాత్రంతా భిన్నాలతో కుస్తీ పట్టి, రెండు డబ్బాలు ఖాయం చేశాను. పైగా టమాటా నారు 25 రోజులదైతే బంతి నారు 45 రోజులది కావాలి, రెండూ ఒకేసారి పూతకు రావాలి. మా పెళ్లికి కూడా ఇంత పొంతన చూడలేదు.

పొగాకు లద్దెపురుగు కోసం ఓ మూల ఆముదం. అది ఆకు అడుగున గుడ్లను ముద్దగా పెట్టి, పైన గోధుమరంగు నూగు కప్పుతుంది. పిల్లలు పచ్చదనమంతా గీకేసి ఆకును జల్లెడ చేస్తాయి. ఆ ఆకును పురుగులతో సహా తుంచి సబ్బునీళ్లలో ముంచాలి. ఇది ముందు ఎవరూ చెప్పరు! ఎర వేసి ఊరుకుంటే అది ఎర కాదు, అన్నసత్రం. ఆ విధంగా, ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి, రోజూ ఉదయం ఆముదపు ఆకులు తిరగేయడమనే మహత్కార్యం నా నెత్తిన పడింది.

బంతి విరగబూసింది. రెక్కపురుగులు దాని చుట్టూనే మూగాయి. టమాటా నిక్షేపంలా ఉంది. నేను మీసం దువ్వబోతుండగా బతుకమ్మ వచ్చింది.

తెల్లారి చూస్తే మొండికొమ్మలు. కింద పార్కింగ్‌లో తంగేడు, గునుగు వరుసల మధ్య పచ్చగా మెరుస్తోంది నా యావత్ రక్షణశాఖ. "అన్నా, మీ బంతిపూలే! ఎంత మంచిగొచ్చిందో సూడు" అంది కింది పోర్షన్ చెల్లె. బతుకమ్మ మీది పూలకు లెక్క అడిగే మగాడు ఈ తెలంగాణలో ఇంకా పుట్టలేదు. నవ్వాను. ఫోటో కూడా తీసిపెట్టాను.

ఎర పోయాక పురుగు ఎక్కడికి పోయిందో మీకు చెప్పాలా? దక్కినవి పదకొండు కాయలు. అందులో ఆరింటిని సెంట్రల్ యూనివర్సిటీ చెట్లవైపు నుంచి వచ్చిన నెమలి పొడుచుకుపోయింది. 1963 నుంచీ జాతీయ పక్షాయె, అదిలించడానికి చెయ్యి లేవలేదు.

ఆముదం మాత్రం, ఆకుకు ఆకు తుంచేస్తున్నా, ట్యాంకు ఎత్తుకు ఎదిగింది. ఏ చెట్టూ లేనిచోట అదే మహావృక్షమన్నారు పెద్దలు. దాంతో పప్పు ఎలా వండాలో చెప్పలేదు.