నీలిసీసా మాహాత్మ్యము

బల్లార్షా చెంతనున్న మా బామ్నిలో వేసవి మధ్యాహ్నములందు 46 డిగ్రీల యెండయు, ఏడాది పొడుగున బొగ్గుధూళియు నుచితముగా లభించుచుండగా, ఇచ్చటి తెలుగువారు ఆరోగ్యము కొఱకు మందుల దుకాణముల వెంట తిరుగుట నాకు మిక్కిలి చోద్యముగా నున్నది. నీలిసీసాలో నీరుపోసి యెండనుంచి త్రాగిన జ్వరము శమించుననియు, ఎఱ్ఱసీసా నీట రక్తము వృద్ధియగుననియు, ఆకుపచ్చ సీసా తక్కిన సర్వమును చూచుకొనుననియు బోధించు సూర్యకిరణ చికిత్సకు ఇంతకన్న తగిన క్షేత్రము కలదా? భానుడు తనవంతుగా సప్తవర్ణముల నొసగును. ఎనిమిదవదగు నలుపును గనులు సమకూర్చును. సీసాలందురా, 2015లో ఈ జిల్లాయందు మద్యనిషేధము వచ్చినపుడు వర్ణవైద్యమునకు కొంత విఘాతము కలిగియుండవచ్చును గాని, 2021లో అది తొలగుటతో ఆ చింతయు తీఱినది.

ఈ విద్యకు మూలపురుషులలో నొకడు మన బొంబాయివాడే. 1873లో జన్మించిన దిన్షా ఘడియాలి యను పారసీ మహాశయుడు, బాబిట్ అను అమెరికా వాడు 1878లో వెలుగును గూర్చియు రంగులను గూర్చియు వ్రాసిన ఉద్గ్రంథమును పఠించి, ఆ సరకును అమెరికాకే మరల నమ్మెను. 1920లో ఆయన ప్రకటించిన స్పెక్ట్రోక్రోమ్ అనునది ఒక పెట్టె, అందొక దీపము, ముందు రంగు గాజుపలకలు. అంతకుమించి యేమియు లేదు. పేరు వెనుక మాత్రము బిరుదులు రైలుపెట్టెలవలె సాగెడివి. రోగి దిగంబరుడై, తల ఉత్తరమునకుంచి, చంద్రగతి ననుసరించి ఆ వెలుగున నుండవలెను. ఉత్తరమునకు తలపెట్టి పరుండిన యేనుగునకేమయ్యెనో వినాయకచవితి కథ విన్న మన పిల్లలెఱుగుదురు. అమెరికా రోగులకు ఆ కథ చెప్పువారు లేకపోయిరి. 1947లో న్యూజెర్సీ న్యాయస్థానము ఆయనను దోషిగా నిర్ణయించి 20,000 డాలర్ల జరిమానా విధించినది.

వెలుగు రోగమును కుదుర్చదని నేననుట లేదు, చర్మక్షయకు కాంతిచికిత్స కనుగొన్న ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమానమే వచ్చినది. ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అను నర్సు పసికందులను తోటలో ఎండకు త్రిప్పుచుండగా, ఒక బిడ్డకు దుప్పటి కప్పియున్న మేర మాత్రమే పచ్చదనము నిలిచి, తక్కిన చర్మము తెల్లబడుట గోచరించెను. అందుండి 1958 నాటికి, పుట్టిన బిడ్డల పచ్చకామెర్లకు దీపకాంతి చికిత్స యేర్పడినది. నీలికాంతి, చర్మమునకు ఆ పచ్చదనము కలిగించు బిలిరూబిన్‌ను శరీరము సులువుగా విసర్జింపగల రూపమునకు మార్చును.

వర్ణవైద్యులు ఈ యుదంతమును తమకు సాక్ష్యముగా చూపుదురు. చూపనిండు. ఆ దీపము క్రింద బిడ్డకు కన్నులు కప్పుదురు, నెత్తురు పరీక్షింతురు, బిలిరూబిన్ తగ్గినదని తేలగానే దీపమార్పి ఇంటికి పంపుదురు. ఘడియాలి పెట్టెకు గాని, మన నీలిసీసాకు గాని, ఇక చాలునని చెప్పు పరీక్ష యేదో యే వైద్యుడైనను సెలవిచ్చినయెడల, బామ్నిలో విశ్వవిద్యాలయము వెలసిననాడు దానికి ఆయననే కులపతిగా నేను ప్రతిపాదింతును.